వీధిపోటు ఇంటి ముందర

మా లేఅవుట్లో ఎక్కడికీ పోకుండానే నడిచే మనుషులుంటారు. ఈ సంగతి మా అమ్మకు అర్థమయ్యేదానికి చాన్నాళ్ళు పట్టింది. తెల్లారగానే గేట్లు తెరుచుకుని, తెల్లబూట్లు వేసుకుని, చెవుల్లో ఏవో పెట్టుకుని, కొంపలు మునిగిపోతున్నట్టు ఆడవాళ్ళూ మగవాళ్ళూ విసవిసా పోతుంటే మిద్దె మీద నిలబడి చూసి, "యాడికి పోతాండారు పాపా వీళ్ళంతా?" అని అడిగింది. ఎక్కడికీ పోరు, చుట్టూ తిరిగి మళ్ళీ ఇంటికే వస్తారు అన్నాను.

"మళ్ళా ఈడికే వచ్చేదానికి పోయేది యాల?" అంది.

మా అమ్మ పుట్టిందీ బతికిందీ పెద్దమండ్యం పక్క పల్లెలో. ఆమె లెక్కలో నడకంటే ఎక్కడికైనా చేరాలి. కలుపుకు, కోతకు, టమాటా తోటకు, కట్టెలకు, రేషనుకు. ఊరికే నడిచేవాళ్ళను చూస్తే ఆమెకు నవ్వొచ్చేది. ఆ నవ్వు చూడ్డం నాకు బాగుండేది. అప్పటికింకా నవ్వేది.

మదనపల్లె దాటి పుంగనూరు రోడ్డు మీద కొంచెం పోతే మా లేఅవుట్ వస్తుంది. పెద్ద ఆర్చీ, దాని మీద బంగారు రంగు అక్షరాలతో ఒక ఇంగ్లీషు పేరు. ఆ పేరుకు అర్థమేమో లోపలుండే వాళ్ళలో చాలామందికి తెలీదు, నాకూ తెలీదు. లోపల రోడ్లు మా ఊర్లో ఇళ్ళ నడవల కంటే నున్నగా ఉంటాయి. ప్రతి గోడ మీదా కాగితంపూల తీగ, తీగ పక్కన కెమెరా. కుక్కను కూర్చోమని చెప్పేది కూడా ఇంగ్లీషులోనే. ఆ రోడ్లను మొదటిసారి చూసినప్పుడు అమ్మ వంగి చేత్తో తడిమి, "శెనక్కాయలు ఆరబోసుకునేదానికి ఎంత బాగుంటాదో" అంది.

నేను పుంగనూరులో ఒక ప్రభుత్వాఫీసులో సీనియర్ అసిస్టెంటుని. మా ఆయనకు కుప్పంలో కరెంటు శాఖలో పని, వారానికొకసారి వస్తాడు. ఇద్దరికీ మధ్యలో పడుతుందని కాదు, మా పాప చదువు కోసం మదనపల్లెలో ఇల్లు కొన్నామని అందరికీ చెప్పుకున్నాం. అసలు మాట ఏమంటే, నాకు అట్లాంటి చోట ఉండాలని ఉండింది. బెంగళూరుకు బదిలీ అయిపోయిన ఒకాయన దగ్గర, చివరి వరసలో, ప్రహరీ గోడకు ఆనుకుని ఉండే ఇల్లు తీసుకున్నాం. ఆ కోరిక తప్పని ఇప్పటికీ అనుకోను.

అక్కడ మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. న్యాయంగా అది చెప్పాలి. కాకపోతే అందరూ ముందు మీ సొంతూరేదని అడుగుతారు. చెప్తే, ఆ ఊర్లో ఎవరి తాలూకు అంటారు. తర్వాత ఇంటిపేరు. అంతా నవ్వుతూనే, చేతిలో నీళ్ళ సీసా ఊపుకుంటూనే. నేనూ నవ్వి, బస్సుకు టైమైందని చెప్పి తప్పించుకునేదాన్ని. ఆ ప్రశ్నల పుణ్యాన ఆఫీసుకు ఎప్పుడూ ఆలస్యంగా పోలేదు.

నాన్న పోయినాక అమ్మను మా దగ్గరికి తెచ్చుకున్నాను. అప్పటికే ఆమెకు షుగరు ముదిరింది. పాదాల్లో స్పర్శ పోయింది. ఇంట్లో నేల మీద పడిన గుండుసూది గుచ్చుకుని, దాంతోనే రోజంతా తిరిగింది. కుప్పంలో మా ఆయనకు తెలిసిన డాక్టరుంటే అక్కడికే తీసుకుపోయాను. ఆయన సూది పీకి చూపించి, కోప్పడి, రెండే మాటలు చెప్పాడు. రోజూ నడవాలి. ఉత్త కాళ్ళతో ఒక్క అడుగు కూడా వేయకూడదు, ఇంట్లో అయినా సరే. ఈ కాలికి దెబ్బ తగిలితే ఆమెకు తెలియదు, తెలిసేసరికి కాలు ఉండదు అన్నాడు.

మెత్తటి రబ్బరు చెప్పులు కొన్నాం. ఇంట్లో చెప్పులేసుకునేదేమిటని మొదట గొణిగింది. తర్వాత అలవాటు పడి, అద్దంలో కాళ్ళు కనపడేట్టు నిలబడి చూసుకునేది కూడా. నేను ఆఫీసుకు పోకముందు ఇద్దరం నడవడం మొదలుపెట్టాం. చివరి వరసలో బయల్దేరి, పార్కు పక్కగా తిరిగి, పెద్ద రోడ్డు మీదుగా ఇంటికి. ఆ నడకలో మా అమ్మ ఊరుకునేది కాదు. గోడల మీంచి బయటికి వంగిన కరివేపాకును చూసి ఎవరూ కోసుకోరేమని బాధపడేది. ఇంత ఇంట్లో ఎంతమంది ఉండారని అడిగేది. ఇద్దరే అంటే, "ఒకరినొకరు పిలుచుకోవాలంటే ఫోన్ సెయ్యాల" అనేది.

మేము చేరిన తర్వాత కొన్నాళ్ళకు, రెండు రోడ్లు కలిసే చోట ఒక పెద్ద ఇల్లు లేచింది. ఎదురుగా రోడ్డు నేరుగా వచ్చి ఆ ఇంటి గేటుకు తగులుతుంది. వీధిపోటు ఇల్లు. అట్లాంటి ఇంటికి కీడు తగలకుండా గోడలో వినాయకుణ్ణి పెడతారు కదా, వాళ్ళూ గేటు పక్కన గోడలో ఒక చిన్న గూడు కట్టి నల్లరాతి వినాయకుణ్ణి పెట్టారు. గృహప్రవేశం అయిన తర్వాత ఒక ఉదయం మేము ఆ దారిన పోతున్నాం. మాట్లాడుతూ మాట్లాడుతూ మా అమ్మ ఆగి, వంగి, చెప్పులు విడిచి చేతిలోకి తీసుకుంది. రాయి దూరిందేమో అనుకున్నాను. ఆమె తల వంచుకుని ఆ గేటు దాటి, ఆ గోడ పూర్తిగా దాటి, పక్కింటి ముందర మళ్ళీ చెప్పులు వేసుకుంది.

మరుసటి రోజు కూడా అట్లాగే చేసింది. నేను చెయ్యి పట్టుకుని ఆపి, ఏమిటిది అని అడిగాను.

"సూడ్లేదా నువ్వు? ఉయ్యాల మీద ఆయప్ప ఉండాడు" అంది.

అప్పుడు చూశాను. పోర్టికోలో ఇనుప ఉయ్యాల, దాని మీద పేపరు చదువుతూ ఒక పెద్దాయన. మా ఊరి పెద్దింటి ఆయన. ఊర్లో సగం చేలు వాళ్ళవే. మా అమ్మా నాన్నా బతుకంతా వాళ్ళ చేలల్లోనే కూలి చేశారు. ఆయన కొడుకు కాంట్రాక్టులు చేసి సంపాదించి ఇక్కడ ఇల్లు కట్టుకుని, తండ్రిని తెచ్చుకున్నాడు. ఇంత పెద్ద మదనపల్లెలో వాళ్ళకు ఇంకొక చోటే దొరకలేదా అని నాకు ఏడుపొచ్చింది.

తెలియనివాళ్ళకు ఇక్కడొక మాట చెప్పాలి. మాది ఊరు కాదు, ఊరికి అవతలుండే ఎస్సీ కాలనీ. బస్సు దిగి కాలనీకి పోవాలంటే పెద్ద వీధి దాటుకుని పోవాలి. ఆ వీధిలో మావాళ్ళు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచేవాళ్ళు. అట్లా నడవాలని ఎక్కడా రాసి పెట్టలేదు. ఎవరూ అరిచి చెప్పేవాళ్ళూ కాదు, చూసేవాళ్ళు, అంతే. మా తాత కాలంలో కొట్టేవాళ్ళంట, నాన్న కాలానికి తిట్టేవాళ్ళు, నా కాలానికి చూస్తే చాలయ్యింది. నేను హాస్టల్లో చదువుకున్నాను కాబట్టి ఎక్కువ రోజులు ఆ చూపు కింద నడవలేదు. సెలవులకు వచ్చినప్పుడు మాత్రం, బస్సు దిగగానే మా అమ్మ నా చెప్పులు విడిపించి, తన కొంగులో మూటకట్టి, చంకలో పెట్టుకునేది. అప్పుడు నేనేమీ అడగలేదు, చెప్పులు పోగొట్టుకుంటానని దాస్తుందనుకునేదాన్ని.

ఆ ఊరు ఇప్పుడు చాలా మారిందంటారు. మారే ఉంటుంది. మా అమ్మ నడుము మాత్రం మారలేదు. ఆయన్ను చూడగానే, ఎవరూ చెప్పకుండానే, అది వంగింది. ఆమెకు తెలియకుండానే వంగిందని నా అనుమానం.

నాకొక్కటే పట్టుకుంది ఆ రోజు నుంచి. మా అమ్మ ఆ ఇంటి ముందర చెప్పులు వేసుకుని నడవాలి. కాలు కోసం అని డాక్టరు పేరు చెప్పేదాన్ని కానీ, కాలు కోసం మాత్రమే కాదు. వేరే దారిలో పోవచ్చు కదా అని మా ఆయన ఫోనులో అన్నాడు. దారి ఉంది, పార్కు వెనక నుంచి. నేను పోనన్నాను. ఈ రోడ్డు వాళ్ళకెంతో మాకూ అంతే. పక్కదారిన పోవాల్సిన రోజులన్నీ మా అమ్మ పల్లెలోనే గడిపేసి వచ్చింది.

బతిమాలాను. "ఇది ఊరు కాదుమా, ఈడ ఆయనకేమీ లేదు" అన్నాను. "లేదులే" అనేది. గేటు రాగానే వంగేది. కోప్పడితే, "నీకేం తెల్సు పాపా, ఆయప్ప సేన్లో పని సేసి నిన్ను సదివిచ్చినాం" అనేది. వాళ్ళు ఊరికే ఇచ్చారా అని నేను అరిచేదాన్ని. నడిరోడ్డు మీద తల్లీకూతుళ్ళు ఇట్లా అరుచుకుంటుంటే తెల్లబూట్లవాళ్ళు పక్కకు తప్పుకుని పోయేవాళ్ళు. చివరికి మడమ వెనక బకిల్సు ఉండే చెప్పులు తెచ్చాను, అంత సులభంగా ఊడిరావని. మా అమ్మ ఆ గేటుకు ఇవతల రోడ్డు వారన కూర్చుని, తీరిగ్గా రెండు బకిల్సులూ విప్పుకుని, చెప్పులు చేతబట్టుకుని నడిచింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

ఒకసారి ఆయన ఉయ్యాల మీంచి తలెత్తి చూశాడు. "నువ్వు మనూరామెవు కదా?" అన్నాడు. "ఔనయ్యా" అంది అమ్మ, చెప్పులున్న చెయ్యి వెనక్కి పెట్టుకుని. "బాగుండావా?" "మీ దయయ్యా." ఆయన మళ్ళీ పేపరులోకి పోయాడు. ఆయన చెడ్డగా మాట్లాడలేదు. ఆమె చేతిలో ఏముందో ఆయన చూశాడు. చూసి, తీసేయమని గానీ వేసుకోమని గానీ అనలేదు. ఆయనకు అందులో వింత ఏమీ కనపడలేదు.

ఇది ఇంతటితో ఉండుంటే నేను రాసేదాన్ని కాదు. ఒకరోజు ఆఫీసులో ఉండగా లేఅవుట్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. వీధిపోటు ఇంటి ముందర, వెనక నుంచి తీసిన మా అమ్మ. నడుము వంగి ఉంది, తల వంచి ఉంది, ఎడమ చేతిలో, కొంగు చాటున సగం కనపడుతూ, చెప్పులున్నాయి. పెట్టింది ఆ ఇంటి కోడలు. దాని కింద రాసింది: మన సంస్కృతి అంటే ఇదీ, మా గోడలో వినాయకుడికి ఈ అవ్వ ఇచ్చే మర్యాద చూసి చదువుకున్న మనం నేర్చుకోవాలి. దాని కింద దండం పెట్టే బొమ్మలు, ఒకటి తర్వాత ఒకటి, స్క్రీను నిండా.

దేవుడికి దండం పెట్టేవాళ్ళు చెప్పులు కింద విడుస్తారు. చేతిలో పట్టుకుని, ఆ ఇంటివైపు కాకుండా అవతలివైపుకు, కొంగు కింద దాచుకుని పోరు. ఇంతమంది చూశారు ఆ ఫొటో. ఈ తేడా ఒక్కరికీ కనపడలేదు. కనపడినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళూ దండం బొమ్మే పెట్టారు.

వారం తిరక్కుండానే, తెల్లబూట్లవాళ్ళు కూడా ఆ గోడ ముందర ఆగి బూట్లు విప్పడం మొదలుపెట్టారు. మా అమ్మను చూసి చేతులు జోడించేవాళ్ళు. "అవ్వా, మీ వల్లే మాకు తెలిసొచ్చింది" అని ఒకామె ఆమె భుజం మీద చెయ్యి కూడా వేసింది. మా అమ్మ బిత్తరపోయింది. ఇంటికొచ్చినాక నన్ను పక్కకు పిలిచి, గెలిచినట్టుగా చెప్పింది.

"సూస్తివా? ఇంత సదువుకున్నోళ్ళు, కార్లుండేటోళ్ళు, వాళ్ళూ తీస్తాండారు ఆయప్ప ముందర. నువ్వేమో నన్ను తిడతాండావు."

వాళ్ళు తీసేది గోడలో ఉండే వినాయకుడికి అని చెప్పాను. "వినాయకుడా? ఆడుండాడా?" అంది. ఇన్ని నెలలు ఆ గోడ పక్కన నడిచింది. తల ఎత్తి ఉంటే కదా కనపడేదానికి.

తర్వాత వాళ్ళు గూడు పెద్దది చేశారు. పాలరాయి పరిచారు. ఇత్తడి గంట వచ్చింది, దీపం వచ్చింది. మంగళవారం కొందరు, సంకటహర చతుర్థికి కొందరు, కొత్త కారు కొన్నవాళ్ళు ఎప్పుడంటే అప్పుడు, అక్కడ టెంకాయలు కొట్టడం మొదలుపెట్టారు. ఆ వినాయకుడికి మహిమ ఉందని పేరొచ్చింది. ఉయ్యాల మీది పెద్దాయన వచ్చినవాళ్ళకు తీర్థం ఇచ్చేవాడు. ఆయన కోడలు నన్ను చూసినప్పుడల్లా, "అంతా మీ అమ్మగారి చలవ మేడమ్" అనేది. నేను మింగలేక కక్కలేక తల ఊపేదాన్ని. చెప్పాలని ప్రతిసారీ నోటిదాకా వచ్చేది. చెప్తే, ఇన్నాళ్ళూ నవ్వి తప్పించుకున్న ప్రశ్నలన్నిటికీ ఒక్కసారే జవాబు చెప్పినట్టవుతుంది. దానికి నేను సిగ్గుపడలేదు. వాళ్ళు నా పాప వైపు చూసే చూపు మారుతుందని భయపడ్డాను.

ఒక బుధవారం ఉదయం, ఇల్లు చేరి అమ్మ కాఫీ తాగుతుంటే, వంటింటి నేల మీద ఎర్రటి మరక కనపడింది. గడప నుంచి స్టూలు దాకా అడుగడుగునా చెప్పులోంచి కారి ఉంది. చెప్పు విప్పి చూస్తే బొటనవేలి కింద టెంకాయ చిప్ప ముక్క దిగబడి ఉంది. ముందురోజు కొట్టిన టెంకాయల చిప్పలు ఎవరూ సరిగ్గా ఊడ్వలేదు. మా అమ్మ కప్పు పట్టుకుని, ఎవరి కాలినో చూసినట్టు చూసుకుంది. "నొప్పి లేదు పాపా" అని నాకే ధైర్యం చెప్పింది.

పుండు మానలేదు. మదనపల్లెలో కట్లు కట్టించాం, తర్వాత కుప్పం తీసుకుపోయాం. అక్కడ బొటనవేలు తీసేశారు. మత్తు దిగినాక మా అమ్మ దుప్పటి తొలగించి చూసి, మళ్ళీ కప్పేసుకుంది. నేను ఆసుపత్రి వరండాలో కిటికీ ఊచలు పట్టుకుని గట్టిగానే ఏడ్చాను. మా ఆయన ఊరుకోమన్నాడు. వేలు పోయినందుకు కాదు నా ఏడుపు. ఆ వేలు మా అమ్మ పొలంలో పోగొట్టుకుని ఉంటే పనిలో పోయిందని అనుకునేదాన్ని. ఇది దేనికి పోయిందని చెప్పుకోవాలి?

ఇంటికొచ్చినాక లేఅవుట్ ఆడవాళ్ళు పండ్లు తీసుకుని చూడ్డానికి వచ్చారు. వీధిపోటు ఇంటి కోడలు కూడా వచ్చింది. దేవుడి దగ్గర జరిగింది కాబట్టి పెద్దగా కాకుండా వేలుతో పోయిందని ఒకామె అంది. ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. ఇక ఆగలేక చెప్పేశాను. మా ఊరు, మా కాలనీ, పెద్ద వీధి, చెప్పులు ఎందుకు చేతిలోకి వచ్చేవో అన్నీ. మా అమ్మ చెప్పులు తీసింది వినాయకుడికి కాదు, ఈమెగారి మామగారికి అన్నాను. లోపలి గదిలో పడుకున్న అమ్మకు వినపడుతుందని తెలిసినా గొంతు తగ్గించలేదు.

ఒకామె చేతిలో ఉన్న కాఫీ గ్లాసు అట్లాగే టీపాయి మీద పెట్టేసింది. కోడలు ముఖం కందిపోయింది. పాపం, ఆ పిల్ల బెంగళూరులో పెరిగింది, ఆమెకు నిజంగానే ఇవేవీ తెలియకపోవచ్చు. కాసేపటికి వాళ్ళందరిలోకీ పెద్దామె, ఎవరో అడగరాని మాట అడిగితే సర్దినట్టు, నెమ్మదిగా అంది.

"అవన్నీ ఇప్పుడెక్కడున్నాయి లెండి మేడమ్. ఏ కారణంతో తీసినా ఆ మర్యాద దేవుడికే చేరింది."

అందరూ ఔనన్నట్టు తలలూపారు. పండ్లు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. ఆ తర్వాత గ్రూపులో ఎవరూ నన్ను ఏమీ అనలేదు, పేరంటానికి పిలవడం మాత్రం మానేశారు. దాని గురించి మా ఆయన బాధపడ్డాడు. నేను పడలేదు.

కాలు మానింది. ఈసారి డాక్టరు ప్రత్యేకంగా చేయించిన చెప్పులిచ్చాడు, ముందు ఖాళీ ఉన్న చోట దూదిలాంటిది పెట్టి, వెడల్పాటి పట్టీలతో. ఇవి తీసి నడిస్తే ఈసారి పాదం పోతుందని నాకు కాదు, అమ్మకే చెప్పాడు. మా అమ్మ భయపడింది. నిజంగానే భయపడింది. "తియ్యను సారూ" అని మాటిచ్చింది. మళ్ళీ నడక మొదలయ్యే రోజు నాకు లోపల ఒక దుర్మార్గమైన సంతోషం కలిగింది. వేలు పోతేనేం, ఇక ఆమెకు వేరే దారి లేదు, ఆ గేటు ముందర చెప్పులతో నడవక తప్పదు అనుకున్నాను. అట్లా అనుకోవాల్సి వచ్చినందుకు ఇప్పుడు ఎవరిని తిట్టాలో తెలియడం లేదు.

గేటు దగ్గరికి వచ్చాం. ఇప్పుడక్కడ ఒక బోర్డు కూడా ఉంది, దయచేసి చెప్పులు విడిచి నడవండి అని. ఒకప్పుడు మా ఊర్లో ఎక్కడా రాసి పెట్టని మాటను ఇక్కడ ఎర్రరంగుతో రాసి పెట్టారు. మా అమ్మకు చదువు రాదు, అదొక్కటే మంచిదయింది. ఆమె ఆగింది. నేను చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "నడువుమా" అన్నాను. ఆమె పళ్ళు బిగించి ఒక అడుగు వేసింది, ఇంకొకటి వేసింది. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. ఇన్నాళ్ళకు, అనుకున్నాను.

"అవ్వా, చెప్పులు! ఇక్కడ చెప్పులతో నడవకూడదు" అని వెనక నుంచి కేక. కొత్తగా దిగినామె ఎవరో. చేతిలో తన బూట్లు పట్టుకుని ఉంది. "మీకెవరూ చెప్పలేదా? ఇక్కడ అందరూ తీస్తారు."

మా అమ్మ వెంటనే వంగింది. నేను పైకి లాగాను. ఆమె తీయదు అన్నాను. కాలికేమయిందని ఆ కొత్తామె అడగలేదు, దేవుడి దగ్గర కూడా ఇట్లా పట్టుదలకు పోతే ఎట్లా అంది. దీపం పెడుతున్న ఇంకో ఇద్దరు తిరిగి చూశారు. నా చేతిలో మా అమ్మ చెయ్యి కిందికి లాగుతోంది. నేను వదల్లేదు. ఆ ఒక్క నిమిషం నేను ఎవరితోనైనా సరే కొట్లాడేదానికి సిద్ధంగా ఉన్నాను.

ఉయ్యాల కిర్రుమని ఆగింది. పెద్దాయన గేటు దాకా వచ్చాడు.

"పోనీలేమ్మా, ఆమెను ఏమీ అనొద్దు. కాలు బాలేదు పాపం" అన్నాడు ఆ కొత్తామెతో. తర్వాత మా అమ్మ వైపు తిరిగి, దయగా చెప్పాడు. "నువ్వు ఏసుకోని పో మే. నేను చెప్తాండా గదా. ఇంగ రోజూ ఏసుకోనే పో, ఏం పర్వాలేదు."

మా అమ్మ నా చెయ్యి విడిపించుకుని ఆయనకు రెండు చేతులెత్తి దండం పెట్టింది. ఆమె ముఖంలో భయం పూర్తిగా పోయింది. ఆ ముఖాన్ని నేను ఎన్ని నెలలుగా చూడాలనుకున్నానో, సరిగ్గా ఆ ముఖమే. కొత్తామె ఆయన మంచితనానికి మెచ్చుకోలుగా చూసింది. నేను అరవాలనుకున్నాను. ఏమని అరవాలి? నేను ఎన్ని విధాలుగా ప్రయత్నించి ఇప్పించలేకపోయినదాన్ని ఆయన ఒక్క మాటతో ఇచ్చేశాడు. మా అమ్మ చెప్పులు టపటపలాడించుకుంటూ ఆ గోడ పొడవునా నడిచింది. నేను వెనకబడ్డాను.

ఆ రోజు నుంచి మా అమ్మకు నడకంటే ఇష్టం. నేను లేవకముందే పట్టీలు బిగించుకుని గుమ్మంలో కూర్చుంటుంది. కొత్తవాళ్ళెవరైనా ఆమె కాళ్ళవైపు చూస్తే, వాళ్ళు అడగకముందే, ఆయన అనుమతి ఉందని చెప్తుంది.

మొన్న కుప్పం తీసుకుపోయాను. డాక్టరు పాదం తిప్పి తిప్పి చూశాడు. చెప్పులు చేతిలోకి తీసుకుని, అడుగు అరిగిన తీరు చూసి సంతోషపడ్డాడు. రోజూ వేసుకునే నడుస్తున్నారన్నమాట, చాలామంది ముసలివాళ్ళు మా మాట వినరు, మీరెట్లా మాన్పించారండీ ఆ పాత అలవాటు అని నన్ను అడిగాడు. నేను నేల మీద కూర్చుని ఆమె కాలికి పట్టీ బిగిస్తున్నాను. నాకంటే ముందు మా అమ్మే చెప్పింది.

"మా ఊరి అయ్య ఏసుకోమన్నాడు సారూ."

"మంచాయన" అన్నాడు డాక్టరు, చీటీ రాస్తూ.

"శానా మంచోడు సారూ" అంది మా అమ్మ.